నిచ్చెన గుర్తు గాళెప్ప

పక్కీరమ్మ గుడిసె కప్పు పీకుతున్నారు. సండూరు కొండల్లో, మాంగనీసు గని పక్కన, కూలీల గుడిసెల వరసలో మొదటిది ఆమెదే. మేస్త్రి కెంచప్ప మనుషుల్ని పెట్టి బోద గడ్డి కట్టలు లాగించి కింద పారేయిస్తున్నాడు. గంపలతో ఖనిజం మోసీ మోసీ నడినెత్తిన వెంట్రుకలు ఊడిపోయిన ఆ ముసలామె, సంగటి కుండ ఒళ్లో పెట్టుకుని ఎండలో కూర్చుంది. ఇద్దరు పోలీసులు బీడీలు కాల్చుకుంటూ చూస్తున్నారు. బీదవాళ్ల ఇంటి కప్పు పీకడం నేరమని వాళ్ల చట్టంలో ఎక్కడా రాసి ఉన్నట్టు లేదు.

గాళెప్ప ఖనిజం కుప్ప చాటున నిలబడి ఇదంతా చూశాడు. రాళ్లు పగలగొట్టే సమ్మెట మనిషి అతను. చేతులు రోకళ్లలా ఉంటాయి. అయినా కాళ్లు కదల్లేదు. పోలీసులు వచ్చింది తన కోసమేనని అతనికి తెలుసు. నిన్ననే ఎన్నికల ఫలితం చెప్పారు. కంట్రాక్టరు నిలబెట్టినవాడు గెలిచాడు, గాళెప్ప ఓడిపోయాడు. గెలిచినవాడు పూలదండలతో ఊరేగుతుంటే ఓడిన కూలివాడు రాళ్ల చాటున దాక్కున్నాడు.

కూలివాడికి ఎన్నికలెందుకని మీరు అడగవచ్చు. కంట్రాక్టరు శివరామకృష్ణయ్య కూడా అదే అడిగాడు. బళ్లారి బజారులో నూనెలు అమ్మి, ఆ లాభంతో గని గుత్తకు తీసుకున్న పెద్దమనిషి ఆయన. అంతకు ముందు వానాకాలం గని అంచు విరిగిపడి ఇద్దరు ఆడకూలీలు మన్ను కింద చచ్చిపోయారు. ఆ రోజు వాళ్లు పనికే రాలేదని ఆయన చెప్పాడు, విచారణకు వచ్చిన అధికారులు తల ఊపి కాఫీ తాగి వెళ్లిపోయారు. మన తరఫున అడిగేవాడొకడు ఉండాలని కూలీలు అనుకున్నది ఆ శవాల ముందే.

బళ్లారి నుంచి కూలీల సంఘం మనిషి గురురాజ వచ్చి గాళెప్పను నిలబెట్టాడు. నిచ్చెన గుర్తు వచ్చింది. రేకు డబ్బా వాయించుకుంటూ ఊరూరా తిరిగారు. తోరణగల్లు సంతలో గాళెప్ప తన జన్మలో మొదటిసారి పదిమందిలో మాట్లాడాడు. జనం కదలకుండా విన్నారు.

అయినా అతని గుండెల్లో రాయి పడే ఉంది. అవతలివాళ్లు గుర్రం గుర్తు పేరున సారాయి పీపాలు దింపారు, చీరలు పంచారు. జనం మారిపోతారేమోనని గాళెప్పకు కంటికి కునుకు లేదు. జనాన్ని నమ్మమనీ, కూలి సంగతి, చచ్చినవాళ్ల సంగతి చెబితే చాలనీ గురురాజ చెప్పి చూశాడు. గాళెప్ప అలాగేనన్నాడు. గురురాజ బళ్లారి వెళ్లిన రోజు చూసి మాత్రం మైలారలింగప్ప భండారం తెప్పించాడు.

భండారమంటే దేవుడి పసుపు. దాన్ని ముట్టి ఇచ్చిన మాట తప్పితే వంశం నిలవదని ఆ సీమలో అందరి నమ్మకం. నిచ్చెన పెట్టెలోనే ఓటు వేస్తామని కూలీలంతా ముట్టి చెప్పారు. ఆ పూట గాళెప్పకు ముద్ద గొంతు దిగింది.

సంగతి కంట్రాక్టరు చెవిన పడింది. ఆయన కోప్పడలేదు. పోలింగుకు ముందు రోజు పెద్ద ఇత్తడి పళ్లెంలో అదే భండారం తెప్పించి, పనిలోకి వచ్చినవాళ్లందరి చేతా గుర్రం పెట్టెకు ప్రమాణం చేయించాడు. ముట్టనివాళ్లకు పని లేదన్నాడు. అందరూ ముట్టారు.

అప్పటికింకా చీటీ మీద ముద్ర వేసే పద్ధతి రాలేదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద అతని గుర్తు. తెర వెనక్కి పోయి నచ్చిన పెట్టెలో చీటీ వేసి రావాలి. కూలీలు తెర వెనక రెండు పెట్టెల మధ్య నిలబడిపోయారు. ఇందులో వేస్తే ఆ మాట తప్పినట్టు, అందులో వేస్తే ఈ మాట తప్పినట్టు. కొందరు చీటీని నేల మీద పెట్టి దండం పెట్టుకుని వచ్చేశారు. ఆడవాళ్లు చాలామంది కొంగున ముడి వేసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. ఇది తెలిసినప్పటి నుంచీ గాళెప్పకు ఒకటే దిగులు. తనను ఓడించింది సారాయి కాదు, చీరలూ కావు.

మధ్యాహ్నం కెంచప్ప కబురు మోసుకొచ్చాడు. సాయంత్రం గని ఆఫీసు ముందు, అందరి ఎదుటా, గాళెప్ప భండారం ముట్టాలి. సంఘం మాట ఎత్తననీ, గని వదిలిపోతాననీ చెప్పాలి. చెబితే పీకిన కప్పు మళ్లీ వేయిస్తారు. లేకపోతే గుడిసెలన్నీ పోతాయి, గాళెప్ప మీద దొమ్మీ కేసు తయారుగా ఉంది.

కప్పు లేని పక్కీరమ్మ గుడిసెలోనే జనం గుమిగూడారు. పిల్లాపాపలతో ఎక్కడికి పోతాం, అతనొక్కడు వెళ్లిపోతే అందరం బతుకుతాం కదా అని కొందరు వాదించారు. ఇవాళ ఇతన్ని పంపితే రేపు ఇంకొకణ్ణి పొమ్మంటారని మరికొందరు ఎదురు తిరిగారు. గాళెప్ప భార్య పంపమ్మ ఏడుస్తూ అతని చెయ్యి పట్టుకుంది.

"సుమ్నే, ఊరికే ముట్టేసి రాయ్యా. భయపడి చేసినామని దేవునికి తెల్దా? కప్పగల్లులో మాయన్న ఉండాడు, ఆడికి పోదాం."

గాళెప్పకు ఆ మాట ప్రాణం లేచివచ్చినట్టుంది. పోదామనే అతనికీ ఉంది. లాఠీలంటే భయం, జైలంటే భయం, తాను లేకుంటే పంపమ్మ ఏమవుతుందోనని అన్నిటికంటే పెద్ద భయం. లేవబోతుంటే పక్కీరమ్మ నోరు విప్పింది.

"ఓటప్పుడు నువ్వు మమ్మల్ని నమ్మకపోతివి గాళెప్పా. పసుపు ముట్టిచ్చకుండా ఉంటే నీకే ఏస్తాంటిమి. నువ్వొక పక్క కట్టేస్తివి, ఆయప్ప ఇంగో పక్క కట్టేసె. ఇప్పుడు నువ్వు ముట్టితే మా నోర్లన్నీ మూసినట్లే. పోతావో ఉంటావో నీ ఇష్టమప్పా."

గాళెప్ప తల దించుకున్నాడు. సిగ్గుతో అతనికి ఏడుపొచ్చింది.

పొద్దు వాలక ముందే ఆఫీసు ముందు జనం నిండిపోయారు. శివరామకృష్ణయ్య కుర్చీలో కూర్చున్నాడు. పక్కన సబ్ ఇన్‌స్పెక్టరు, వెనక పోలీసు జీపు, దాని వెనక రైలు స్టేషనుకు పోవలసిన ఖనిజం లారీలు. కెంచప్ప పళ్లెం ముందుకు చాచాడు. గాళెప్ప చెయ్యి సగం దాకా లేచింది. అక్కడే ఆగి, కిందికి దిగింది.

"నా చేత కాదు సామీ. భయమైతాంది. భయానికే ఒకసారి జనంతో ముట్టిస్తిని. అది చాలు."

ఇన్‌స్పెక్టరు చెంప పగలగొట్టి అతన్ని జీపులోకి నెట్టాడు. కంట్రాక్టరు కనుసైగ చేశాడు. పని కావలసినవాళ్లు ముట్టండంటూ కెంచప్ప పళ్లెంతో జనం మీదికి వచ్చాడు. మొదట పక్కీరమ్మ ముందు ఆగాడు. ఆమె రెండు చేతులూ కొంగు కింద దాచుకుంది. పక్కామె కూడా దాచుకుంది. పళ్లెం వరస చివరిదాకా పోయి అలాగే తిరిగి వచ్చింది. వాళ్లు భయపడలేదని నేను అబద్ధం చెప్పను. అందరూ వణికారు, ఒక్కరూ ముట్టలేదు.

పక్కీరమ్మ నడుచుకుంటూ పోయి జీపు ముందు దారిలో కూర్చుంది. ఆడకూలీలు ఆమె పక్కన కూర్చున్నారు. పంపమ్మ కళ్లు తుడుచుకుని వాళ్లలో కలిసింది. ఆ తర్వాత సమ్మెటవాళ్లు వచ్చారు. లారీలు హారన్లు మోగించి మోగించి ఆగిపోయాయి. లాఠీ ఎత్తిన పోలీసుకు ఎవరితో మొదలుపెట్టాలో తోచలేదు.

ఇన్‌స్పెక్టరు జీపు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. వాళ్లను లేచి పొమ్మని చెబితే ఇప్పుడే వదిలేస్తానన్నాడు, కేసు కూడా ఉండదన్నాడు. గాళెప్ప దారి నిండా కూర్చున్న జనాన్ని చూశాడు. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. మాట మాత్రం తిన్నగానే వచ్చింది.

"నేను ఓడిపోయినోణ్ణి సామీ. నా మాట యాడ ఇంటారు?"