బర్రెల పుస్తకంలో బిడ్డ

"పాప పుట్టిన తేదీ చెప్పమ్మా" అన్నాడు దత్తతల ఆఫీసులో గుమాస్తా.

"తేదీ యాదికి లేదు సార్. మా గౌరి బర్రె ఈనిన దినమే పుట్టింది."

గుమాస్తా నవ్వాడు. నవ్వడానికేముంది ఇందులో? మాదన్నపేటలో పాలమ్ముకుని బతికే ఇళ్ళలో పుట్టుకలకూ చావులకూ బర్రెల ఈతలే గుర్తు. కొమురమ్మ పద్దెనిమిదేళ్ళకే, పెళ్ళి కాకుండా బిడ్డను కన్నది. మూడోనాడు ఆమె తండ్రి నర్సింహ ఒళ్ళోంచి పసిదాన్ని గుంజుకుపోయాడు. ఎవరికిచ్చావని కాళ్ళు పట్టుకున్నా చెప్పలేదు. మొండిమనిషి. పోయిన నెల మంచంలో ప్రాణం పోతున్నా నోరు విప్పలేదు. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఎక్కని అనాథాశ్రమం మెట్లు లేవు.

"తేదీ లేకపోతే ఫైలు కదలదు" అన్నాడు గుమాస్తా.

అప్పుడు తట్టింది కొమురమ్మకు. నర్సింహకు ఒక పుస్తకం ఉండేది. ఏ బర్రె ఏ రోజు ఈనింది, పెయ్యా దున్నా, దూడను ఎవరికిచ్చాడు, అన్నీ అందులో రాసుకునేవాడు. ఇంట్లో ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. కొమురమ్మ ఇంటికొచ్చి అతని సందూకు తాళం పగలగొట్టింది.

గౌరి ఈత దొరికింది. ఆగస్టు పద్నాలుగు. పెయ్యదూడ. బేగంబజార్ ప్రేమ్‌రాజ్‌కు ఇచ్చిన. దాని కిందే ఇంకో వరస. "కొమురమ్మ. ఆడపిల్ల. ఉమాపతి సార్‌కు ఇచ్చిన. సంతోష్‌నగర్, రేషన్ షాపు ఎదురిల్లు."

కన్నకూతురి బిడ్డను దూడల లెక్కన రాశాడు పెద్దమనిషి! కొమురమ్మకు ఒళ్ళు మండిపోయింది. అతనది రాయకపోతే బిడ్డ జాడ ఈ జన్మలో తెలిసేది కాదన్నదీ నిజమే. తిట్టుకుంటూనే ఆటో ఎక్కింది.

తలుపు తీసింది ఉమాపతి భార్య సుచరిత. "పాల నర్సింహ బిడ్డను, కొమురమ్మను" అనగానే ఆమె మొహం పాలిపోయింది.

"అదేంటి? నువ్వు పురిట్లోనే పోయావని చెప్పారే మీ నాన్న! తల్లి లేని పిల్ల కదా అనే తెచ్చుకున్నాం."

"సచ్చిపోయిందని చెప్పిండా మా బాపు?" అంది కొమురమ్మ.

మాటలు విని లోపలి గదిలోంచి ఒక అమ్మాయి వచ్చింది. కొమురమ్మదే నుదురు, కొమురమ్మదే గడ్డం. "మా తనూజ" అంది సుచరిత. అమ్మాయి కొమురమ్మ ముందుకొచ్చి నిలబడింది. పొమ్మంటుందేమోనని కొమురమ్మకు భయమేసింది.

"నా పుట్టినరోజున నేను కేకు కోయనండీ" అంది తనూజ. "నన్ను కని చనిపోయిన అమ్మ కోసమని, ఏటా ఆ రోజు గుడి దగ్గర భోజనాలు పెట్టిస్తాను."

కొమురమ్మకు ఇక ఏడుపు ఆగలేదు. చెయ్యి చాపి ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది.

"ఇగ నా కోసమని ఎవ్వరికీ పెట్టకు బిడ్డా. పొద్దుగాల సంది ఏం తినలే. నాకే పెట్టు."