చుక్క నీరు రాని పడవ

నేను ఒక నాటు పడవను. నాలో పూసిన బంతిపూలు చూసి మురిసిపోకండి, నా సిగ్గు నాకుంది.

దొరల నాడు తవ్విన గోదావరి కాలువ గట్టునే పుట్టాను. వడ్రంగి టేకు పలకలు బిగించి, సందుల్లో నార కుక్కి, గుగ్గిలం పూశాడు. నన్ను చేయించుకున్న మా సింగయ్య నన్ను నీళ్లలోకి తోసి, అడుగున అరచేత్తో తడిమి, "చుక్క నీరు రాదు!" అని కేకేశాడు. ఇక అదే నా ఇంటిపేరైపోయింది. ధాన్యం, కొబ్బరికాయలు, పెళ్లివారు, బాలింతలు, అందరినీ లాకులు దాటించాను. గర్వం ఉండేది లెండి.

సింగయ్యకి ఒక్కతే కూతురు, కాసులు. నా ముక్కు మీద చేపబొమ్మ చెక్కింది ఆ పిల్లే. ఎదిగాక ఓ సంబంధం వచ్చింది. కుర్రాణ్ణి తీర్థంలో చూసిందట, నచ్చాడట. రేవులో గిన్నెలు తోముతూ నాకొక్కదానికే చెప్పింది.

వేసవిలో కాలువ కట్టేస్తే నేను గట్టు మీద ఎండి బీటలిస్తాను. నీళ్లు వదిలాక కొన్నాళ్లు ముంచి ఉంచితే చెక్క ఉబ్బి సందులు పూడతాయి. పడవవాళ్ల ఇళ్లలో పసిపిల్లలకీ తెలుసు ఈ సంగతి. కానీ కాసులు పెళ్లిచూపులకి మగపెళ్లివారు బస్సులో వస్తే సింగయ్య పరువేం కాను? నీళ్లొచ్చిన మర్నాడే తోసేశాడు.

"నానలేదు నాన్నా," అంది కాసులు.

"మన పడవకి నానడమేంటే!"

వాళ్లని ఎక్కించుకుని బయల్దేరామో లేదో, ప్రతి సందూ నోరు తెరిచింది. సింగయ్య డబ్బాతో తోడుతున్నాడు, నేను కారుతున్నాను. మా రేవు చేరేసరికి పెళ్లికొడుకు తల్లి పట్టుచీర మోకాళ్ల దాకా తడిసింది. గట్టు మీద కాసులు, కాళ్లు కడుక్కోడానికి చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది.

"అక్కర్లేదమ్మా, మీ పడవే కడిగేసింది," అందావిడ. "చుక్క రాదన్న పడవే ఇలా ఉంటే, మీ నాన్న చెప్పిన మిగతా మాటలేం నమ్ముతాం?"

గట్టెక్కి నడిచిపోయింది. కుర్రాడు ఒకసారి వెనక్కి చూసి, తల్లి వెంటే వెళ్లిపోయాడు. కాసులు చెంబులో నీళ్లు కాలువలో పారబోసింది. ఖాళీ చెంబుతో ఇంటిదారి పట్టింది. నన్ను నాలుగు తిట్టినా బావుండేది.

తర్వాత లారీలొచ్చాయి, సింగయ్య పోయాడు, కాసులు ఎక్కడో కాపురానికి వెళ్లింది. నేను చేతులు మారి మారి ఈ పార్కులో రెండు దిమ్మల మీద పడ్డాను. నాలో మట్టి పోసి బంతిమొక్కలు నాటారు. నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయట, అడుగున చిల్లులు పొడిచారు. అప్పుడేమో కారానని పెళ్లి తప్పించారు, ఇప్పుడేమో కారడం లేదని పొడిచారు. మనుషులతో వేగడం నా వల్ల కాదు బాబూ.

మొన్న ఒక ముసలావిడ మనవరాలితో వచ్చి నా ముక్కు మీది చేపను తడిమింది. కాసులు! మొక్కలకి పోసిన నీళ్లు కిందికి కారుతుంటే చూసి, "ఓసి నీ ఇల్లు బంగారం కానూ, ఇంకా కారతానే ఉన్నావా!" అని నవ్వింది. నా ప్రాణం చచ్చిపోయింది. ఈ చిల్లులు నావి కావు తల్లీ అని ఎలా చెప్పను?

నవ్వుతూనే సంచిలోంచి పాత తువ్వాలు తీసి, పేలికలుగా చించి, ఒక్కో చిల్లులో కుక్కింది. అడుగున అరచేత్తో తడిమింది.

"చుక్క నీరు రాదు," అంది, అచ్చం వాళ్ల నాన్నలాగే.

ఇప్పుడు బంతిమొక్కలు కుళ్లిపోతున్నాయి. తోటమాలి ఎందుకా అని బుర్ర గోక్కుంటున్నాడు. గోక్కోనీ.