జానెడు పడుగు

ఊళ్లలోని ఆడవాళ్లు సొంత వ్యాపారం పెట్టుకోవడానికి సాయపడే సంస్థ అది. దాని నేత షెడ్డులో ఒక కట్టుబాటు ఉండేది. సొంత మగ్గం అమర్చుకుని వెళ్లిపోయే మనిషి బట్టను చివరంటా కోసుకుపోకూడదు. జానెడు పడుగు, అంటే నిలువు దారాలు, మగ్గానికే వదిలేయాలి. తర్వాత వచ్చే మనిషి తన దారాల కొసలు వాటికి ముడివేసి లాగితే చాలు. లేదంటే దువ్వెన లాంటి అచ్చులోంచి ఒక్కో పోగూ దూర్చుకుంటూ కూర్చోవాలి.

చంటిదాని తల్లి మొదటిసారి వచ్చినప్పుడు మగ్గం మీద పసుపు పోగులున్నాయి. అంతకుముందు నేసిన పెద్దక్కవట. చదువు మధ్యలో ఆగిపోయి, చంకలో పిల్లతో, ఎవరేమంటారోనని బెరుగ్గా వచ్చిన ఆమెకు, ఎవరో తన కోసం చోటు పట్టి ఉంచినట్టనిపించింది. తన నీలం దారాలు ముడివేస్తూ ఉంటే ఆ బెరుకు ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియదు.

ఇవాళ వెళ్లే వంతు ఆమెది. రాబోయే కొత్తమ్మాయిని ఇంట్లోవాళ్లు ఒక్కపూట చూసి రమ్మన్నారట. కుదరకపోతే మళ్లీ కూలికే. అందుకే నీలం కొసలను జడ దువ్వినట్టు సర్ది, పిల్లకు అన్నం పెట్టడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి మగ్గం బోసిగా ఉంది. సామాను సర్దడానికి తోడొచ్చిన అత్తగారు కత్తెరతో నిలబడి ఉంది.

"చెత్తంతా తీసేశానే. ఒకరికిచ్చేది శుభ్రంగా ఇవ్వద్దూ?"

ఆ కొసలు ఎందుకు వదిలిందో కోడలు చెప్పింది. సంగతి విన్న అత్తగారు కత్తెరను ఎవరో పరాయివాళ్లదన్నట్టు దూరంగా పెట్టేసింది. గడపలో అప్పటికే కొత్తమ్మాయి, చంకలో చంటివాడు. బోసి మగ్గాన్ని చూసి, మళ్లీ వస్తానని గొణిగింది. ఆ గొణుగుడు కోడలికి కొత్త కాదు. ఆనాడు పసుపు పోగులు కనబడకపోయుంటే తనూ అదే గొణిగి వెనక్కి తిరిగేది. మళ్లీ వచ్చేదీ కాదు.

"ఇలా కూర్చో. నువ్వు అందించు, నేను లాగుతాను," అంది కోడలు.

కొత్తమ్మాయి పిల్లాడి వంక చూసింది. అత్తగారు అప్పటికే చేతులు చాచింది.

అచ్చుకు అటొకరు, ఇటొకరు. కొత్తమ్మాయి ఎంచుకున్న ఆకుపచ్చ పోగులు ఒక్కొక్కటే దూరుతున్నాయి. కొత్తమ్మాయి అడిగింది.

"నీకూ ఇలా బోసిగానే ఇచ్చారా అక్కా?"

"లేదు. నాకు పసుపు పోగులు మిగిల్చారు."

"మరి నాకు?"

"నన్ను మిగిల్చారు," అంది అత్తగారు, పిల్లాడిని భుజాన వేసుకుని. "కత్తెర మాత్రం నా చేతికివ్వకండి."

కొత్తమ్మాయి నవ్వితే ఆ నవ్వు అచ్చు పళ్ల సందుల్లోంచి కోడలికి కనబడింది. పెద్దక్క ముఖమైతే కోడలు ఎన్నడూ చూడలేదు. తను వచ్చేనాటికే ఆమె వెళ్లిపోయింది, పసుపు రంగు మాత్రం ఇప్పటికీ కళ్లలోనే ఉంది.

పొద్దు వాలుతుండగా కొత్తమ్మాయి భర్త గేటు దగ్గర నిలబడి పిలిచాడు. పూట ఎప్పుడో దాటిపోయింది.

"ఇంకా సగం కూడా కాలేదని చెప్పండత్తా," అంది ఆమె తలెత్తకుండా, తర్వాతి పోగు అందిస్తూ.