చుక్కల పెట్ట కింద తెల్ల గుడ్లు

రాహేలు పుంజు తప్పిపోయిన సాయంత్రం కాశమ్మ ఇంట్లోంచి గిన్నెడు కోడికూర వచ్చింది.

తార్నాకలో వాళ్లిద్దరివీ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్న రేకుల ఇళ్లు. రాహేలు మొగుడు సామేలు యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో వంటవాడు. కాశమ్మ మొగుడు సత్తయ్య అదే క్యాంపస్‌లో తోటమాలి. జనగామ దిక్కు పల్లె నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో రాహేలుకు నల్లా దగ్గర బిందె ఎప్పుడు పెట్టాలో, కిరసనాయిలు ఎక్కడ దొరుకుతుందో, కూరగాయలవాడితో ఎలా మాట్లాడాలో నేర్పింది కాశమ్మే. వయసులో పెద్దది కాబట్టి అక్కా అని పిలిచేది రాహేలు. క్రిస్మస్‌కు ఇటు నుంచి, దసరాకు అటు నుంచి గిన్నెలు గోడ దాటేవి.

ఇద్దరికీ కోళ్లున్నాయి. అయితే రాహేలు పుంజు పేరు క్యాంపస్ దాకా పాకింది. తల్లిగారింటి నుంచి గంపలో పెట్టి బస్సు మీద తెచ్చుకున్న పుంజు అది. ఎర్ర మెడ, నల్ల తోక. పిల్లగా ఉన్నప్పుడు ముంగిస నోట్లో పడి బతికింది. ఎడమ కాలి నడిమి వేలు సగమే మిగిలింది. ఆ పుంజు ఉన్నన్నాళ్లూ రాహేలు పొదగేసిన గుడ్డు మురిగిపోవడం అరుదు. జంతుశాస్త్రం లాబులో అటెండరుగా ఉన్న ఉమాపతి అందుకే ఆమె వాకిట్లోకి వచ్చేవాడు. గుడ్డులో పిల్ల ఎలా రూపు కడుతుందో విద్యార్థులకు చూపించాలంటే పుంజు తొక్కిన పెట్టల గుడ్లు కావాలి, అంగడి గుడ్లు పనికిరావు. రాహేలమ్మ ఇచ్చిన గుడ్డు పగలగొడితే లోపల గుండె కొట్టుకోవడం కళ్లకు కనిపిస్తుందని లాబులో సార్లు అన్నారట. ఉమాపతి ఆ మాట చెప్పిన రోజు గోడ అవతల కాశమ్మ వడ్లు చెరుగుతోంది. చేట చప్పుడు కాసేపు ఆగింది.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున పుంజు కనిపించలేదు. రాహేలు రైలు పట్టాల దాకా వెళ్లింది, హబ్సిగూడ దారిలో బండల మీదా సీతాఫలం పొదల్లోనూ వెతికింది. పిలిచి పిలిచి గొంతు పోయింది. తడిసి ముద్దయి ఇల్లు చేరేసరికి కాశమ్మ గోడ మీంచి గిన్నె అందించింది. ఊరి నుంచి అన్నలు వచ్చారని, అంగట్లో కోడిని తెచ్చామని, పొద్దటి నుంచి ఏమీ తినకుండా తిరుగుతున్నావు కాబట్టి ఇంత తినమని బుజ్జగించింది. ఆ ఆప్యాయతకు రాహేలుకు కళ్లనీళ్లు తిరిగాయి. మాంసం కాస్త గట్టిగా ఉందంటూనే సామేలు ఎముకలు చప్పరించాడు. రాహేలు గిన్నె తుడిచి తిన్నది.

మర్నాడు పొద్దున పొయ్యిలో బూడిద పారబోయడానికి వాడ చివర పెంట దగ్గరికి వెళ్లింది. కుక్క ఒకటి ఏదో పీకుతోంది. కోడికాలు. నడిమి వేలు సగమే ఉంది.

కుక్క నోట్లోంచి గుంజుకుని, కొంగులో కట్టుకుని ఇంటికి వచ్చింది. వాకిట్లో అడుగు పెట్టగానే కడుపులోంచి తన్నుకొచ్చి గోడ మొదట్లోనే వాంతి చేసుకుంది. చప్పుడు విని కాశమ్మ అవతలి నుంచి తొంగి చూసింది.

"ఏమైంది చెల్లె, నెల తప్పినవా ఏంది?" అని నవ్వింది.

పెళ్లయిన ఇన్నేళ్లలో రాహేలుకు కడుపు పండలేదు. ఆ సంగతి కాశమ్మకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

"ఏం లేదక్కా. నిన్నటి కూర పడలేదు," అన్నది రాహేలు.

కాలిని జామచెట్టు కింద పాతిపెట్టింది. సామేలుకు కూడా చెప్పలేదు. చెబితే అతను సత్తయ్యను అడుగుతాడు. వాడలో నలుగురూ పోగవుతారు. కాశమ్మ ఏడుస్తుంది, కాళ్లు పట్టుకుంటుంది, పోనీలే అని పెద్దవాళ్లు ఇద్దరినీ కలుపుతారు. మళ్లీ గిన్నెలు గోడ దాటుతాయి. రాహేలుకు ఆ కలపడమే వద్దు. పుంజును చంపితే చంపింది, దొంగతనమైతే తిట్టి ఊరుకునేదేమో. కానీ తన పుంజును తన చేతనే తినిపించింది. దానికి తిట్లు చాలవు.

వారం తిరగకముందే ఉమాపతి గుడ్ల కోసం వచ్చాడు. పుంజు లేదు, ఇక ఈ గుడ్లు మీకు పనికిరావని రాహేలే చెప్పింది. అతను నొచ్చుకున్నాడు, తల గోక్కున్నాడు, చివరికి గోడ అవతలికి చూశాడు. కాశమ్మ అప్పటికే తలుపు దగ్గర నిలబడి ఉంది. చెల్లెలి వాకిట్లోంచి బేరం తీసుకోవడానికి మనసు రావడం లేదని, అయినా సారు ఖాళీ చేతులతో పోతే బాగుండదని అంటూనే బుట్ట తెచ్చింది. ఆ రోజు నుంచి క్యాంపస్ గుడ్లు కాశమ్మవి.

రాహేలు ఎప్పట్లాగే ఉంది. అక్కా అన్నది, నవ్వింది, పండక్కి గిన్నె పంపింది. కోళ్లకు నూకలు చల్లుతూ రోజూ గోడ మీంచి అవతలి వాకిలి చూసేది. ఏ కోడి ఎక్కడ గుడ్డు పెడుతుంది, గూటి తలుపు ఎప్పుడు మూస్తారు, ఏ కోడి మీద కాశమ్మకు ప్రాణం, అన్నీ చూసేది. ఒక్క కోడిని చంపి చేతులు దులుపుకోవడం ఆమెకు ఇష్టం లేదు. కాశమ్మ ఆశ ఇంకా పెరగాలి. పెరిగిన చోట కొట్టాలి.

ఆ అదను చలికాలంలో వచ్చింది. అప్పుడు ఊరంతా పై దేశం నుంచి వచ్చిన సీమ కోళ్ల మాటే. తెల్లగా ఉంటాయి, ఏడాదంతా గుడ్లు పెడతాయి. సత్తయ్య ఎవరో ఆఫీసరు బంగ్లా తోటలో పనిచేసి ఆయన్ను బతిమాలి, సర్కారు ఫారం నుంచి ఆ జాతి గుడ్లు తవుడు బుట్టలో పెట్టించి తెచ్చాడు. కాశమ్మకు నేల మీద కాలు నిలవలేదు. పిల్లలు కాకముందే మల్కాజ్‌గిరిలో చుట్టాలకు, అడిక్‌మెట్‌లో సత్తయ్య దోస్తుకు పిల్లలు ఇస్తానని మాట ఇచ్చేసింది.

పొదిగించడానికి కోడి కావాలి. కాశమ్మ పెట్టల్లో ఒక్కటీ పొదుగుకు రాలేదు. రాహేలు చుక్కల పెట్ట మాత్రం నాలుగైదు రోజులుగా ఒట్టి గంపలో ఒళ్లు పరుచుకుని కూర్చుంటోంది, చెయ్యి పెడితే ఈకలు లేపి పొడుస్తోంది. కాశమ్మ బుట్ట పట్టుకుని తనే వచ్చింది. పెట్టను అడిగింది.

"జాగ మార్తే పెట్ట లేస్తదక్కా. గుడ్లు గీడనే పెట్టు, నేను చూస్కుంట," అన్నది రాహేలు.

కాశమ్మ ఆమె చెయ్యి పట్టుకుని సొంత చెల్లెలు కూడా ఇంత చెయ్యదన్నది. రాహేలు ఇంకో మాట కూడా చెప్పింది. వాకిట్లో నాటు పుంజు తిరుగుతుంటే సీమ జాతి చెడిపోతుందట, పిల్లలు ఎదగగానే నాటువాటితో కలిసిపోతాయట, పాత కోళ్లను ఇప్పుడే తీసేస్తే గూడు కూడా శుభ్రం చేసుకోవచ్చు. కాశమ్మ రెండు రోజులు ఆలోచించి తన పుంజునూ పెట్టలన్నింటినీ అంగడికి పంపేసింది. గూటికి సున్నం వేయించింది. లాబులో ఆ విడత పని అయిపోయింది, మళ్లీ గుడ్లు అడిగే నాటికి తెల్ల కోళ్లు పెరిగి ఉంటాయని ఆమె లెక్క.

గుడ్లు వచ్చిన మధ్యాహ్నమే, సామేలు మెస్సులో ఉండగా, రాహేలు తలుపు గడియ పెట్టింది. బట్టలు కుట్టే సూది తీసుకుంది, కొవ్వొత్తి వెలిగించింది. ఒక్కొక్క గుడ్డూ చేతిలోకి తీసుకుని కొసన సూదితో పొడిచి, లోపల తిప్పి, ఆ చిన్న తూటు మీద ఒక్క మైనం చుక్క వేసింది. తెల్ల పెంకు మీద తెల్ల మైనం కళ్లకు ఆనలేదు. ఒక్కో గుడ్డు పొడుస్తున్నప్పుడల్లా గిన్నె తుడిచిన తన వేళ్లే గుర్తొచ్చాయి. అన్నీ అయ్యాక వాటిని చుక్కల పెట్ట కిందికి తోసింది. పెట్ట ముక్కుతో ఒక్కొక్కటే సర్దుకుని, రెక్కలు విప్పి మీద వాలింది.

కాశమ్మ రోజూ వచ్చేది. గంప పక్కన కూర్చుని పెట్టకు నానబెట్టిన నూకలు పెట్టేది, నీళ్లు మార్చేది. ఒకసారి లోపల పిల్ల కడుతోందో లేదో గుడ్డును ఎండకు ఎత్తి చూస్తానని చెయ్యి చాపింది. రాహేలు ఆ చేతిని పట్టుకుని ఆపింది. నడుమ కదిలిస్తే పొదుగు చెడిపోతుందన్నది. కాశమ్మ వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది, తప్పు చేసినట్టు లెంపలేసుకుంది. ఆ భయం చూస్తే రాహేలుకు కడుపు నిండినట్టుండేది.

బాధ కలిగింది చుక్కల పెట్టను చూసినప్పుడే. అది మేతకు లేచేది కాదు. రొమ్ము ఎముక తేలింది, తల మీది ఎర్ర జుట్టు పాలిపోయింది. అది తన మీద నమ్మకంతో కూర్చుంది. రాహేలు రాత్రి వంట ముగించాక అన్నం ముద్దలు చేసి దాని నోటికి అందించేది. కానీ గుడ్లు తీసెయ్యలేదు.

మూడు వారాలు నిండాయి. పెంకు చిట్లలేదు. చలికి ఆలస్యమవుతుందేమో అని కాశమ్మ అన్నది. ఆ మర్నాడూ అదే మాట అన్నది. ఇంకో రెండు రోజులకు పెట్ట కింద ఒక గుడ్డు పగిలింది. వాకిలంతా కంపు కొట్టింది. కాశమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఒక్కో గుడ్డూ చెవి దగ్గర ఆడించి చూసింది. ప్రతి గుడ్డులోనూ నీళ్లు కదిలినట్టు చప్పుడు. చివరి గుడ్డు కింద పెట్టి అక్కడే మట్టిలో కూలబడింది. ఆమె ఏడుపు గట్టిగా లేదు, కన్నీళ్లు మాత్రం ఆగలేదు.

ఏడుస్తూనే అన్నది.

"నాకు తెల్సు చెల్లె. దేవుడే శిక్షించిండు. నీ పుంజును నేనే కోసిన."

రాహేలు పగిలిన గుడ్డు పెంకులు ఏరసాగింది.

"అన్నలు చెప్పకుంట వచ్చిండ్రు. ఇంట్ల ఏం లేదు. పుంజు మా గోడ మీద కూసున్నది. చెయ్యి ఆగలే," అన్నది కాశమ్మ. తరవాత గొంతు ఇంకా తగ్గించింది. "ఉమాపతి సారు మాటలు గూడ మనసుల ఉండె. అబద్ధమెందుకు."

"గిన్నె ఎందుకు పంపినవ్?" అని అడిగింది రాహేలు. ఇన్ని నెలలూ ఆమె నోట్లో నానిన ప్రశ్న అదొక్కటే.

"పంపకుంటే నీకు అనుమానమొస్తదని," అన్నది కాశమ్మ తల ఎత్తకుండా.

ఇంకేదో కారణం చెబుతుందని రాహేలు లోలోపల ఎదురు చూసిందేమో. మనసు పీకి, పాపభీతితో, తెలిసీ తెలియక, ఇలాంటిదేదో. అదేమీ కాదు. తన నోరు మూయించడానికి తన పుంజునే పెట్టింది. కాశమ్మ చేతులు జోడించి పైకి చూస్తూ, దేవుడు బాకీ ఉంచుకోలేదని, ఇక నీ మనసు కూడా చల్లబడాలని అంటోంది. దేవుడు శిక్షించాడనుకుంటే కాశమ్మకు ఆ ఏడుపుతోనే తేలికైపోతుంది. రేపు కళ్లు తుడుచుకుని మళ్లీ గోడ దగ్గరికి వస్తుంది.

"దేవుడు కాదు కాశమ్మా," అన్నది రాహేలు. ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "నేను. గుడ్లు వచ్చిన నాడే అన్నిట్ల సూది గుచ్చిన. నీ కోళ్లను అమ్మించింది గూడ అందుకే."

కాశమ్మ ఆమె మొహంలోకి చూసింది. తరవాత గంపలోకి చూసింది. మళ్లీ మొహంలోకి చూసింది. తిడుతుందేమో, జుట్టు పట్టుకుంటుందేమో అని రాహేలు సిద్ధంగానే నిలబడింది. కాశమ్మ లేచి, కొంగుకు అంటిన మట్టి కూడా దులుపుకోకుండా నడిచి వెళ్లిపోయింది. కాసేపటికి అవతల సున్నం వేసిన గూటి తలుపు మూసిన చప్పుడు వినిపించింది.

ఆ సాయంత్రం రాహేలు కడుపునిండా తిన్నది, హాయిగా నిద్రపోయింది. పశ్చాత్తాపం వస్తుందేమో అని తరవాత చాలా రోజులు చూసుకుంది. రాలేదు. మురిగిన గుడ్లను దూరంగా గుంత తీసి పూడ్చింది. చుక్కల పెట్ట మాత్రం ఒట్టి గంప వదలలేదు. ఎంత దింపినా మళ్లీ ఎక్కి కూర్చునేది. చూడలేక రాహేలు మల్కాజ్‌గిరి వెళ్లి అప్పుడే పుట్టిన నాటు పిల్లలను కొన్నింటిని తెచ్చి, పొద్దు గూకే వేళ ఒక్కొక్కటే దాని రెక్కల కిందికి జారవిడిచింది. పెట్ట ఒకసారి గొంతులో ఏదో గొణిగింది, తరవాత రెక్కలు దించింది. రాహేలు ఆ గంప దగ్గర కూర్చుని మొదటిసారి ఏడ్చింది.

ఆ జనవరిలోనే, అరవై తొమ్మిదిలో, తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. క్యాంపస్‌లో రోజూ ఊరేగింపులే. కాలేజీలు మూతబడ్డాయి, లాబుకు తాళం పడింది. ఉమాపతి గుడ్ల కోసం ఆ వాడకు మళ్లీ రానేలేదు. ఇదంతా ఏ బేరంతో మొదలైందో ఆ బేరమే లేకుండా పోయింది.

కాశమ్మ ఎవరికీ చెప్పలేదు. చెబితే పుంజు సంగతి చెప్పాలి. రాహేలూ చెప్పలేదు. ఎండాకాలంలో సత్తయ్య ఇటుకలు దింపించి గోడ ఎత్తు పెంచడం మొదలుపెట్టాడు. మెస్సు మూతబడి పనిలేకుండా ఉన్న సామేలు వెళ్లి సాయం పట్టాడు, ఇటుకలు అందించాడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి, ఉన్నట్టుండి ఈ గోడ ఎందుకని సత్తయ్యను అడిగితే, కోళ్లు అటూ ఇటూ దుంకుతున్నాయని వాళ్లావిడ చెప్పిందట, అన్నాడు. వాళ్లకిప్పుడు ఒక్క కోడి కూడా లేదు గదా, అని తనే మళ్లీ ఆశ్చర్యపోయాడు.

రాహేలు కంచంలో ఇంకొంచెం పప్పు వేసింది.

"నిజమే, మనవే దుంకుతున్నయి," అన్నది.