ఇన్సూరెన్సు ఉన్న బ్యాగు

బుధు కావడి తాళ్ళు మూడోసారి బిగించాడు. ఒకవైపు ఉట్టిలో గుడారం గుడ్డలు, వంట గిన్నెలు. రెండోవైపు విశాఖపట్నం నుంచి వచ్చిన నీలం బ్యాగు. దాని వెడల్పుకు ఉట్టి చాలకపోతే కొత్త నారతాడు కలిపి కట్టాడు. యాభై దాటిన మనిషి. కావడి బద్ద ఒరుసుకుని ఒరుసుకుని కుడిభుజం కాయ కాసి, తాబేలు వీపులా గట్టిపడింది. ఎడమకాలి బొటనవేలికి గోరు లేదు. పొద్దున తాగిన చోడి అంబలి ఎప్పుడో అరిగిపోయింది. అయినా బయల్దేరలేదు.

ఎందుకంటే గణపతిరావు గారు ఇంకా ఇన్సూరెన్సు ఎంచుకుంటున్నారు.

అరకు కొండ మీది ఆ రిసార్టు ముంగిట్లో సిగ్నల్ దొరికేది పాత రుబ్బురోలు మీద ఒక్కచోటే. ఆయన రిటైరైన ఆఫీసరు; దాని మీదెక్కి, ఫోను ఆకాశానికెత్తి నిలబడ్డాడు. రెండ్రోజుల కొండ విహారానికి మూడు పాలసీలు ముందేసుకుని గంటన్నరగా తూకం వేస్తున్నాడు.

"దీన్లో చెయ్యి విరిగితే ఉంది, బ్యాగుకి లేదు. దీన్లో బ్యాగుకి ఉంది, జలగ కరిస్తే లేదు."

"మిమ్మల్ని కరిచిన జలగకి తీయించండి పాలసీ, పాపం," అంది భార్య అనురాధ.

"వెటకారం ఆపు. ఇదిగో, శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు కూడా ఇస్తారట."

"బయల్దేరే వేళ అవేం మాటలండీ!"

బుధు గొంతు సవరించుకున్నాడు. "బాబూ, మబ్బేస్తంది. బేగి కదిలితే గెడ్డ దాటేద్దుం." తాడు ముడి సర్దుతూ, "ఆ కాయితంలో మోసేవోళ్ళ పేరు ఉంటాదా బాబూ?" అన్నాడు.

గణపతిరావు నవ్వాడు. "ఇది హాలిడే పాలసీ. నువ్వు హాలిడేకి వస్తున్నావా? పనికొస్తున్నావు."

ఈ కొండల్లో బుధు మోయనిది లేదు. బడికి సిమెంటు మోశాడు. మాస్టారి మడతమంచం మోశాడు. రోడ్డేస్తామన్నవాళ్ళ ఓట్ల పెట్టెలు మోశాడు. రోడ్డు రాలేదు, పెట్టెలు మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఊళ్ళో నొప్పులు పడుతున్న ముత్యాలమ్మను డోలీలో మోశాడు. దారిలోనే పుట్టిన ఆడగుంటకు ఆసుపత్రివాళ్ళు కాగితం మీద బేబి అని రాస్తే అదే పేరైపోయింది. మోసినవాడి పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు.

చివరికి బ్యాగుకు కూడా వర్తించే పెద్ద పాలసీ ఖాయమైంది. సాలూరు నుంచి వచ్చి చేరిన రిసార్టు మేనేజరు వరహాలరావు బుధు దగ్గరకొచ్చి వేలు చూపించాడు.

"ఒరే, ఆ బ్యాగుకి ఇన్సూరెన్సు అయిపోనాది. కంపెనీ సరుకు లెక్క. గీత పడ్డాదంటే నీ పని ఆకరు. కామేష్‌గాడు గేపకముంది కదా?"

జ్ఞాపకముంది. పోయిన నెల ఎవరిదో కెమెరా తడిపాడని, తనలాగే బరువులు మోసే కామేష్‌ను పనిలోంచి తీసేశారు. బుధు నీలం బ్యాగు వైపు భయంగా చూశాడు. కంపెనీ కాపలా పెట్టిన వస్తువు కాబోలనుకున్నాడు.

కావడి ఎత్తాక దించడం అతనికి అలవాటు లేదు. భుజం మార్చుకోవడమే. ఎక్కుడంతా రెండుసార్లు మార్చాడు. వెనక గణపతిరావు చేతికర్రతో ఆయాసపడుతూ, కంపెనీ ఇరవైనాలుగ్గంటలూ ఫోనెత్తుతుందని భార్యకు చెబుతున్నాడు.

గెడ్డ దగ్గరకు వచ్చేసరికి పైన వాన పడి నీళ్ళు ఎర్రగా దిగుతున్నాయి. గంటన్నర ముందైతే మోకాలి లోతు. ఇప్పుడు తొడల దాకా ఉంది. బుధు ముందు దిగాడు. నాలుగడుగులు వేశాక నాచురాయి మీద కాలు జారింది. పక్కనే నీళ్ళలోకి వంగిన మర్రివేరు, చెయ్యి చాస్తే అందేది. అతను చెయ్యి చాచలేదు. కావడి వదిలేసి, నీలం బ్యాగును ఉట్టిలోంచి రెండు చేతులా ఎత్తి ఒడ్డు బండ మీదకు నెట్టాడు. ఆ తరువాత పడ్డాడు. తల రాయికి తగిలిన చప్పుడు నీటి హోరులో వినపడనే లేదు.

"అరెరే, బ్యాగు!" అన్నాడు గణపతిరావు.

అనురాధ గెడ్డ గట్టునే కూలబడింది. "వదిలెయ్యాల్సింది కదయ్యా," అంటూనే ఉంది నీళ్ళ వైపు చూస్తూ. "దానికి ఇన్సూరెన్సు ఉందిగా. పోయినా ఇస్తారుగా."

మధ్యాహ్నానికి ఊరివాళ్ళు నలుగురొచ్చి బుధును డోలీలో మోసుకుపోయారు. శవాన్ని ఇంటికి చేర్చే ఖర్చు ఎవరినీ అడగలేదు. బ్యాగుకు గీత పడలేదు. జిప్పు మీద రెండు నీటిచుక్కలుంటే గణపతిరావు రుమాలుతో తుడుచుకున్నాడు.

కావడి మాత్రం కింద మలుపులో రాళ్ళకు తట్టుకుని ఆగింది. ఒక ఉట్టి తెగిపోయింది. రెండోది, నారతాడు కలిపి కట్టినది, ఆ బ్యాగు వెడల్పున నోరు తెరుచుకుని నీళ్ళలో ఊగుతూనే ఉంది.