సిరంజిలో మిగిలిన మందు

"దవాఖాన చేతులతోని పప్పు డబ్బా ముట్టకు. మల్ల కడుక్కొని రా," అంది అత్త లూర్దమ్మ.

అప్పటికే రెండుసార్లు కడిగింది ఫెబా. మూడోసారీ కడిగి, కుక్కర్ పెట్టి, భర్త క్రిస్టోఫర్‌కు టిఫిన్ సర్ది, ఉప్పల్‌లో నాచారం షేర్ ఆటో ఎక్కేసరికి వేళ్లు మండుతున్నాయి. ఇంట్లో ఆమె చేతులంటే అందరికీ భయం. నర్సింగ్ హోమ్‌లో ఎవరికీ ఏ భయమూ లేదు, ఆమెకు తప్ప.

అక్కడ ఆమె మత్తు డాక్టరు దగ్గర టెక్నీషియన్. డాక్టర్ జనార్ధనరావు ఒక రోగికి ఇవ్వగా సిరంజిలో మిగిలిన తెల్లటి మత్తుమందును పారేయనివ్వడు. సూది మార్చి, తర్వాతి రోగికి అదే సిరంజి. "సూది మార్చాం కదమ్మా, ఇంకేంటి?" అంటాడు. సిరంజిలోకి వెనక్కి వచ్చిన నెత్తురు మాటేమిటి? ఒకరి జబ్బు ఇంకొకరికి అంటడానికి కంటికి కనబడనంత నెత్తురు చాలు. తన పుట్టింట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. చదివిందే ఇప్పుడు నిద్రపోనివ్వడం లేదు.

మొన్న క్రిస్టోఫర్‌కు చెప్పింది. అతను కంచంలోంచి తలెత్తలేదు. "గాయన డాక్టరు. నువ్వేంది గాయనకు జెప్పేది? సప్పుడు జేయకుండ పని జేస్కో." లూర్దమ్మ నవ్వింది. "కూరల ఉప్పు తెల్వది గాని, డాక్టర్లకు పాఠం జెప్తదంట!"

ఈరోజు మొదటి ఆపరేషన్ అయింది. రెండోది చాందినిది. ఇరవై రెండేళ్ల పిల్ల, బల్ల మీద పడుకుని ఫెబా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మస్తు భయమైతుంది. మంచిగ లేస్త గదా?"

"సిరంజి ఇవ్వమ్మా," అన్నాడు డాక్టరు.

ట్రేలో సగం నిండిన సిరంజి. ఉద్యోగం పోతే ఇంట్లో ఏమంటారో ఫెబాకు ముందే మాటలతో సహా వినిపించింది. సిరంజి తీసుకుంది. చెత్త బకెట్ మీద పట్టుకుని, చివరి చుక్క దాకా నొక్కేసింది.

"ఏం చేశావు!"

"అది ఇందాకటి ఆమెకు వాడింది సార్. ఈమెకు కొత్తది తీస్తున్నా."

"రేపట్నుంచి రానక్కర్లేదు."

"సరే సార్. ఈమె లేచేదాకా ఇక్కడే ఉంటా."

చాందిని లేచింది. సాయంత్రం ఫెబా ఇల్లు చేరి, ఒక్కసారి చేతులు కడుక్కుని వంటింట్లోకి నడిచింది.

"మల్ల కడుగు," అంది లూర్దమ్మ.

"చాలు అత్తమ్మా," అంది ఫెబా. "నా చేతులు మంచిగనే ఉన్నయి."

పప్పు డబ్బా తీసింది.