ఎర్ర మూత, నీలం మూత

శవం మీద ఇంకా గుడ్డ కప్పలేదు. ఆస్పత్రి వరండాలో బల్ల మీద పడుకోబెట్టిన మనిషి నోటి చుట్టూ నురగ ఆరిపోయి తెల్లగా అంటుకుని ఉంది. ఆ బల్ల అంచు మీదే కార్ఖానా మేస్త్రీ కాయితం పరిచాడు. ఇంకు డబ్బా తెరిచాడు.

"వేలు పెట్టు వదినా. వేలు పెడితేగానీ శవాన్ని ఇవ్వరంట."

వదిన వేలు పెట్టింది. ఆమె వెనక బండి తోసే బండోడు పెట్టాడు. ఆ వెనక తొట్టి పనివాళ్లు నలుగురు పెట్టారు. ఆరు వేళ్లు. మేస్త్రీ తడి ఆరేదాకా ఉఫ్‌ ఉఫ్‌మని ఊది, మడిచి జేబులో వేసుకుని, ఎండ మండిపోతోందని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. చదువొచ్చినవాడు చదువురానివాళ్లను ఎంత సుళువుగా కొట్టగలడో చూడాలంటే ఆ వరండా ఒక్కటి చాలు. దెబ్బ తగిలినట్టు కూడా తెలియదు.

ఆమె అందరికీ వదిన కాదు, ఒక్కదానికే వదిన. చచ్చిపోయింది ఆ ఒక్కతే. మొగుడి చెల్లెలు. కార్ఖానాలో ఆ పిల్ల రోజంతా "వదినా, వదినా" అని పిలిచి పిలిచి, ఆ పిలుపే అందరి నోళ్లలో పడింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మొగుడు పోయాక వదినకు ఆ సగమే మిగిలింది. ఇద్దరికీ ఒకటే గది, ఒకటే దుప్పటి, ఒకటే పొయ్యి. ఇప్పుడు ఆ సగమూ బల్ల మీద ఉంది.

అది గుడ్డను తెల్లబరిచే కార్ఖానా. మట్టిరంగులో వచ్చిన గుడ్డ పాలలా బయటికి పోతుంది. ముందు బ్లీచింగ్ తొట్టిలో నాననిస్తారు, బాగా కడుగుతారు, తర్వాత ఆసిడ్ తొట్టిలో ముంచుతారు. ఆ రెండు మందులూ కలవకూడదు. కలిస్తే పచ్చటి పొగ లేచి, పీల్చిన మనిషిని లోపలినుంచి కాల్చేస్తుంది. ఈ సంగతి ప్రతి డ్రమ్ము మీదా రాసే ఉంటుంది. చదివేవాళ్లేరీ? అందుకని యజమాని ఒక ఏర్పాటు చేశాడు. ఎర్ర మూత ఆసిడ్, నీలం మూత బ్లీచింగ్. కొత్తగా చేరినవాళ్లకు మేస్త్రీ చెప్పే చదువంతా అదే. వాసన పట్టొచ్చుగా అంటారేమో. ఆ షెడ్డులో ఏడాది పనిచేస్తే ముక్కు చచ్చిపోతుంది. ఇంట్లో అన్నం మాడినా తెలియదు.

ఆడబిడ్డ చావుకు రెండు నెలల ముందే చదువు మొదలుపెట్టింది. కార్ఖానా ఎదుటి సందులో, అచ్చాఫీసులో ముప్పయ్యేళ్లు సీసపు అక్షరాలు పేర్చి రిటైరైన ముసలాయన ఉండేవాడు. అందరూ అచ్చుతాత అనేవాళ్లు. మధ్యాన్నం అన్నాలవేళ అరగంట ఆయన అరుగు మీద పలక పట్టుకు కూర్చునేది. నువ్వూ రా వదినా, ఒక్కదాన్నే కూర్చుంటే సిగ్గేస్తోంది అని రోజూ బతిమాలేది.

"ఎద్దుకు పలుపు చాలు, పలకెందుకే?" అని నవ్వింది వదిన.

అది మేస్త్రీ మాట. వాడి మాట తన నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. మన నోళ్లలో వాళ్ల మాటలే ఉంటాయి. సొంత మాట వచ్చేసరికి సగం జీవితం అయిపోతుంది.

ఆ రోజు ఎవరో పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. అన్నీ తళతళలాడాలన్నాడు మేస్త్రీ. ఎప్పుడూ మూత తీస్తే దాని డ్రమ్ముకే ఆనించి పెట్టేవాళ్లు. అదే వాళ్ల కట్టుబాటు. ఆ రోజు అన్ని మూతలూ తీయించి ఒకే గంగాళంలో పడేయించాడు. డ్రమ్ములను తుడిపించి గోడ వారగా వరస మార్పించాడు. మూతలు కడిగింది వదిన. తిరిగి పెట్టింది వదిన. ఏది దేనిదని అడిగితే, ఆ మూల ఆసిడ్, ఈ మూల బ్లీచింగ్, కానీ కానీ అని కేకేసి, వచ్చేవాళ్లకు ఎదురెళ్లాడు. వాడికి చదువొచ్చు. ఒక్కసారి వంగి చూస్తే సరిపోయేది. వంగలేదు.

సాయంత్రం బ్లీచింగ్ తొట్టి తగ్గిందని ఆడబిడ్డ నీలం మూత డ్రమ్ము దొర్లించుకెళ్లింది. పలక పట్టావుగా, దాని మీద ఏం రాసుందో చూడమని ఎవరో అన్నారట. వదిన పెట్టిన మూత, నాకింకేం చూడాలి అందట. ఒంచింది. పచ్చటి పొగ లేచింది.

ఆ మూత సంగతి వదిన ఎవరికీ చెప్పలేదు. గదిలో దుప్పటి పెద్దదైపోయింది. గూట్లో పలక అలాగే ఉంది. దాని మీద ఆ పిల్ల దిద్దిన నాలుగు అక్షరాలు. అవేమిటో వదినకు తెలియదు. పదకొండో రోజున ఆ పలక కొంగు కింద పెట్టుకుని అచ్చుతాత అరుగెక్కింది.

"ఇదేం రాసింది తాతా?"

తాత కళ్లజోడు సవరించుకుని చూశాడు. పలకను వెలుగుకు తిప్పి పట్టుకున్నాడు.

"వదిన అని రాయబోయిందమ్మా. మొదటి రెండూ కుదర్లా, కొట్టేసి మళ్లీ మొదలెట్టింది. 'వది' దాకా వచ్చింది."

మర్నాటి నుంచి ఆమె ఆ అరుగు వదల్లేదు. ఆమెను చూసి బండోడు వచ్చాడు. వాడికి వాడి కారణం ఉంది. కూతురి కాన్పుకని బయల్దేరి, బోర్డు చదవలేక వేరే బస్సెక్కి, మూడో రోజుకు చేరాడు. అల్లుడు ఈనాటికీ దెప్పుతాడు. తొట్టి పనిచేసే ఒకామె బిడ్డకు పూతమందు తాగించి, బిడ్డ బతికాక కూడా ఆ భయంలోంచి బయటపడలేదు. ఇంకొకడు తన ఇంటెదురు గోడ మీద ఏం రాశారో తెలుసుకోవాలని వచ్చాడు. 'ఇక్కడ మూత్రం పోయరాదు' అని తెలిశాక, ఇరవయ్యేళ్లుగా ఆ గోడకే నీళ్లొదులుతున్నానా అని సిగ్గుపడి మానుకున్నాడు. అరుగంతా నవ్వింది. వదిన కూడా నవ్వబోయి, పక్కన ఆ పిల్ల లేదని గుర్తొచ్చి ఆగిపోయింది.

తాత అమ్మ, ఆవు అని మొదలుపెట్టాడు. నాలుగో రోజున వదిన పలక కింద పెట్టేసింది.

"తాతా, మనల్ని ఆవు చంపలేదు. మనల్ని చంపిన మాట నేర్పు."

ఆ రోజునుంచి ఖాళీ డ్రమ్ముల మీది కాయితాలు తడిపి ఊడదీసి తెచ్చుకున్నారు. అదే వాళ్ల వాచకం. ప్రమాదం. ఆసిడ్. బ్లీచింగ్‌తో కలపరాదు. మీసాలు నెరిసినవాళ్లు గుణింతాలు దిద్దుతూ, ఒత్తు దగ్గర తడబడుతూ, ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటూ నేర్చుకున్నారు. కాటికి కాళ్లు చాపుకుని ఓనమాలేంట్రా అని మేస్త్రీ గేలిచేసేవాడు. కొన్నాళ్లకు గేలి మానేసి, అన్నాలవేళ అరగంటను పావుగంట చేశాడు. అప్పుడు అర్థమైంది వాళ్లకు, ఇదేదో వాడికి గుచ్చుకుంటోందని.

'కలపరాదు' అని మొదటిసారి తనంతట తాను చదివిన రోజు వదిన గుడ్డలు కడిగే గట్టు వెనక్కి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఇంత చిన్న మాట. ఇంత చిన్న మాటకు అంత పిల్ల.

నాలుగు నెలలకు విచారణ అధికారి వచ్చాడు. షెడ్డులోనే బల్ల వేశారు. పనివాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. మేస్త్రీ ఆ కాయితం తీసి గడగడా చదివాడు. ఆమె పనిలో ఉండగా పొగ తగిలి పోయిందనీ, ఎవరి మీదా తమకు ఫిర్యాదు లేదనీ, కింద ఆరు వేలిముద్రలనీ. చదివి కాయితం అధికారి ముందు పెట్టాడు. అధికారి కలం మూత పెట్టబోయాడు.

"ఒకసారి ఆ కాయితం ఇలా ఇవ్వండయ్యా," అంది వదిన.

"నీకెందుకు, అందులో బొమ్మలు లేవు," అన్నాడు మేస్త్రీ. ఎవరూ నవ్వలేదు. బండోడు ఒక అడుగు ముందుకేశాడు. వాడి వెనక మిగతావాళ్లు. అధికారి కాయితం ఇచ్చాడు.

ఆమె చదివింది. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, ఆగి, కూడబలుక్కుని చదివింది. 'మేస్త్రీ వద్దన్నా వినకుండా.' ఆగింది. 'తాగిన మై... మైకం... మైకంలో.' మళ్లీ ఆగింది. 'తనంతట తానే ఆసిడ్ తెచ్చి పోసింది. ఇది మేము కళ్లారా చూశాము.' మేస్త్రీ చదివినప్పుడు ఈ ముక్కలు లేవు. జన్మలో చుక్క ముట్టని పిల్ల. ఆ అబద్ధం కింద మొదటి వేలు తనదే.

అక్కడితో ఊరుకుంటే ఆమెకేం కాదు. ఆ కాయితం ఆమెను కాపాడుతోంది. తప్పంతా చచ్చినదాని మీదికి పోయింది, చచ్చినవాళ్లు ఎదురు చెప్పరు. ఆమె బండోడి మొహం చూసింది, తర్వాత ఆ తొట్టి వంక చూసింది.

"దాని మీద నీలం మూత పెట్టింది నేనయ్యా. నా చేత్తోనే పెట్టాను. ఆ పిల్ల నన్ను నమ్మి ఒంచింది. నాకు జైలంటే జైలే. కానీ ఒకటి రాసుకోండి. మూతలన్నీ ఒకే గంగాళంలో వేయించింది ఈయన. ఏది ఏదని అడిగితే చదవగలిగీ చదవనిది ఈయన. మాకు అక్షరం నేర్పడం కన్నా రంగు మూతలు చవకని లెక్కేసింది యజమాని. నేను గుడ్డిదాన్ని. వీళ్లు కళ్లుండి చేశారు."

అధికారి రాసుకున్నాడు. ఎంత రాసుకున్నాడో తెలుసా? మొదటి రెండు ముక్కలే. మూత పెట్టినది తానేనని ఒప్పుకుంది. బండోడు ఆయన భుజం మీదుగా వంగి అది చదివి, మిగతాది ఏదయ్యా అని అడిగాడు. ఆయన కలం మూత పెట్టేశాడు. ఆయన కబురంపితే పోలీసులు జీపులో వచ్చి వదిన చెయ్యి పట్టుకున్నారు.

ఆమె గేటు దాటేలోగా మేస్త్రీ ఈల వేసి పనిలోకి దిగమన్నాడు. ఎవరూ తొట్ల వైపు పోలేదు. డ్రమ్ముల దగ్గరికి పోయారు. ఎర్రవీ నీలంవీ మూతలన్నీ పీకి వాకిట్లో విసిరేశారు. అవి దొర్లుకుంటూ వచ్చి జీపు చక్రాల ముందు పడ్డాయి. ఒక్కో డ్రమ్మును ఇటు తిప్పి, అంతా గొంతు కలిపి చదవసాగారు. ప్ర. మా. దం. తప్పులతో, ఒత్తులు మింగుతూ, బిగ్గరగా. కాయితం చిరిగిపోయిన డ్రమ్ము దగ్గరకొచ్చి, రాత లేనిదాన్ని ముట్టేది లేదన్నారు. అలాంటివి సగం. ఆ రోజు అక్కడ మూర గుడ్డ తెల్లబడలేదు. మర్నాడూ తెల్లబడలేదు.

స్టేషన్ గదిలో వదినకన్నా ముందే ఒకామె మోకాళ్ల మీద తల పెట్టుకు కూర్చుని ఉంది. ఇటుక బట్టీలో పని చేస్తుందట. చేతిలో నలిగిన కాయితం.

"అక్కా, నీకు చదువొచ్చా? దీంట్లో నా గురించి ఏం రాశారో చెప్పవూ?"

వదిన కాయితం అందుకుంది. కిటికీలోంచి పడుతున్న ఎండలోకి జరిగి, ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పక్క చోటు నాలుగు నెలలుగా ఖాళీగా ఉంది.

"చెప్తాను. కానీ ముందు నీ వేలు ఇలా ఇయ్యి," అని ఆ ఇటుక రంగు వేలు పట్టుకుని మొదటి అక్షరం మీద పెట్టింది.